పేరు రాని బ్యాండుకు తక్కువ ఖర్చు ప్రచారం: చీటీయా, పోస్టరా, స్టిక్కరా?

సొంతంగా పాటలు కట్టుకుని, ఏ ఆడియో సంస్థతోనూ ఒప్పందం లేకుండా, కాకినాడలోనో భీమవరంలోనో అమలాపురంలోనో దొరికిన వేదిక మీద పాడుకుంటున్న బ్యాండుకు ప్రచారం కోసం మిగిలే డబ్బు ఎప్పుడూ కొద్దిగానే ఉంటుంది. సాధన గది అద్దె, యాంప్లిఫయర్లకూ డ్రమ్స్‌కూ అద్దె, వాటిని మోసుకెళ్ళే ఆటో కిరాయి పోగా చేతిలో నిలిచే వెయ్యి రూపాయలో రెండు వేలో దేనిమీద పెడితే కొత్తవాళ్ళు నలుగురు పాట వినడానికి వస్తారన్నదే అలాంటి బ్యాండు ముందున్న ప్రశ్న. ఫోన్లలో కనిపించే ప్రకటనల సంగతి ఇక్కడ ఎత్తుకోవడం లేదు. ఇంట్లోనో, వీధి చివరి జెరాక్స్ షాపులోనో తయారు చేసుకోగలిగిన అచ్చు కాగితాల్లో ఏది ఎప్పుడు పనికొస్తుందో చెప్పడమే ఈ వ్యాసం పని.

ముందుగా నా అభిప్రాయం చెప్పేస్తాను. ఏది అందంగా ఉందని చూసి ఎంచుకోకూడదు, ఏది చవకని చూసి కూడా ఎంచుకోకూడదు. ఆ కాగితాన్ని చదివే మనిషి ఆ సమయానికి ఎక్కడ ఉంటాడు, ఎంతసేపు ఆగుతాడు, చదివాక దాన్ని ఏం చేస్తాడు అన్న మూడు సంగతులను బట్టి ఎంచుకోవాలి. నరసాపురం, సఖినేటిపల్లి మధ్య రేవులో పంటు కోసం ఎదురుచూసే మనిషికి ఎనిమిది పంక్తులు చదివే తీరిక ఉంటుంది. రావులపాలెం సెంటర్లో బండి మీద దూసుకుపోయే కుర్రాడు చదవగలిగితే రెండు మాటలు చదువుతాడు. కచేరీ అయిపోయాక వేదిక దగ్గరికొచ్చి గిటారు వాయించిన అమ్మాయిని పలకరించే విద్యార్థి మాత్రం ఇంటికి పట్టుకెళ్ళడానికి ఏదైనా దొరుకుతుందా అని చూస్తాడు. ఈ ముగ్గురికీ ఒకే కాగితం సరిపోదు కనుక, డబ్బు తక్కువగా ఉన్నప్పుడు వీళ్ళలో ముందుగా ఎవరిని చేరుకోవాలో తేల్చుకోవడమే అసలు ఎంపిక.

చేతికిచ్చే చీటీ

ఎవరికీ పేరు తెలియని బ్యాండు అన్నిటికంటే ముందు చేయించుకోవలసింది, ఏ4 కాగితాన్ని నాలుగు ముక్కలు చేస్తే వచ్చే చిన్న చీటీ అని నేను గట్టిగా నమ్ముతాను. ఏ4 కాగితం వెడల్పు 210 మిల్లీమీటర్లు, పొడవు 297 మిల్లీమీటర్లు. దాన్ని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కోస్తే 105 మిల్లీమీటర్ల వెడల్పు, 148 మిల్లీమీటర్ల పొడవు ఉన్న చీటీలు నాలుగు వస్తాయి. జెరాక్స్ పేజీకి రెండు రూపాయలు అనుకుంటే ఒక్కో చీటీ అర్ధరూపాయి పడుతుంది, అంటే రెండు వందల రూపాయలకు నాలుగు వందల చీటీలు చేతికొస్తాయి. అదే కాగితాన్ని రెండు ముక్కలే చేస్తే రాసుకోవడానికి చోటు పెరుగుతుంది కానీ చీటీల సంఖ్య సగానికి పడిపోతుంది, పైగా చోటు ఉంది కదా అని అక్కరలేని మాటలు కూడా చేరతాయి.

చీటీలను దినపత్రికల్లో పెట్టించి ఇంటింటికీ పంపడం మన ఊళ్ళలో కోచింగ్ సెంటర్లకూ బట్టల షాపులకూ బాగా అలవాటైన పద్ధతి. బ్యాండుకు దాన్ని నేను సిఫారసు చేయను. పత్రికలోంచి జారిన చీటీకి మనిషి ముఖం ఉండదు, అది ఎక్కువగా చదవకుండానే చెత్తలోకి పోతుంది. అదే చీటీని పాడేవాళ్ళు స్వయంగా కాలేజీ గేటు దగ్గరో, టీ కొట్టు దగ్గరో చేతికిచ్చి, శనివారం సాయంత్రం మేమే పాడుతున్నాం, తప్పకుండా రండి అని ఒక్క మాట చెబితే, తీసుకున్నవారికి ఆ ముఖం గుర్తుంటుంది. కాబట్టి చీటీలు పంచే పనిని కూలికి అప్పగించడం కన్నా, సభ్యులు నలుగురూ తలా వంద చీటీలు పట్టుకుని నాలుగు చోట్లకు వెళ్ళడం మేలు.

చీటీ మీద ఉండవలసినవి కొన్నే: బ్యాండు పేరు, ఎలాంటి పాటలు పాడుతుందో చెప్పే ఒక్క పంక్తి, వారం పేరుతో సహా తేదీ, సమయం, అందరికీ తెలిసిన గుర్తుతో వేదిక చిరునామా, ప్రవేశం ఉచితమో కాదో, పాట వినిపించే క్యూఆర్ కోడ్. బొమ్మ పెడితే గిటారూ కీబోర్డూ డ్రమ్సూ స్పష్టంగా కనిపించేదే పెట్టాలి. లేకపోతే పెళ్ళి ఊరేగింపుకు మేళం కావాలంటూ ఫోన్లు వస్తాయి.

ఇక్కడ డబ్బు బాగా మిగిల్చే పద్ధతి ఒకటి ఉంది. చీటీని తేదీ, వేదిక లేకుండా, అడుగున రెండు వేళ్ళ వెడల్పు తెల్ల చోటు వదిలి ఒకేసారి ఎక్కువగా తీయించుకుని, ప్రతి ప్రదర్శనకూ ఆ చోటులో రబ్బరు స్టాంపుతో వివరాలు వేసుకోవాలి. అక్షరాలు మార్చుకోగలిగే స్టాంపులు స్టేషనరీ షాపుల్లో దొరుకుతాయి. అవి ఎక్కువగా ఇంగ్లీషు అక్షరాలతోనే వస్తాయి కనుక తేదీకీ సమయానికీ వాటిని వాడి, వేదిక పేరు తెలుగులో చేత్తో రాస్తే సరిపోతుంది. నలుగురు కూర్చుంటే రెండు వందల చీటీలకు వివరాలు వేయడం ఒక సాయంత్రం పని. ప్రదర్శన వాయిదా పడినా మిగిలిన చీటీలు వృథా కావు. తుపాను హెచ్చరికలకు అక్టోబరు, నవంబరు నెలల్లో కార్యక్రమాలు వాయిదా పడడం గోదావరి డెల్టాలో మామూలే కనుక, ఈ పద్ధతి మన ప్రాంతానికి మరీ అవసరం.

క్యూఆర్ కోడ్ విషయంలో కొంత జాగ్రత్త అవసరం. కోడ్ ప్రతి పక్కా కనీసం రెండు సెంటీమీటర్లు ఉండాలి, చుట్టూ కోడ్‌లోని చిన్న గడులు నాలుగింటి వెడల్పున ఖాళీ అంచు వదలాలి, తెలుపు మీదో లేత రంగు మీదో నలుపే వాడాలి. అందులో దాచే లింకు ఎంత చిన్నదైతే గడులు అంత పెద్దగా వస్తాయి, కెమెరా అంత తేలిగ్గా చదువుతుంది. కోడ్ తయారు చేసేటప్పుడు పొరపాటు దిద్దుకునే స్థాయిని ఎంచుకోవచ్చు. మధ్యస్థమైన ఎం స్థాయిలో సుమారు 15 శాతం, క్యూ స్థాయిలో సుమారు 25 శాతం భాగం పాడైనా కోడ్ పనిచేస్తుంది. మురికి చేతుల్లో నలిగే చీటీకి క్యూ స్థాయి మంచిది. పరీక్ష మాత్రం కంప్యూటర్ తెర మీద కాకుండా, జెరాక్స్ తీసిన కాగితాన్ని ఒకసారి నలిపి, పాత ఫోనుతో చేయాలి.

ఇంటి ప్రింటరా, జెరాక్స్ షాపా, ప్రెస్సా?

ఇంట్లో ఇంక్ ట్యాంక్ ప్రింటర్ ఉంటే రంగుల చీటీ కూడా చవకగానే వస్తుంది. అయితే ఇలాంటి ప్రింటర్లలో వాడే రంగు సిరాలు చాలావరకు నీటిలో కరిగే డై రకానివి. వానచినుకు పడినా, చెమట చేయి తగిలినా అక్షరాలు పారిపోతాయి. పిగ్మెంట్ రకం సిరా నీటికి బాగా నిలుస్తుంది. మీ ప్రింటర్లో ఏది ఉందో తెలుసుకోవడానికి, ఒక కాగితం అచ్చు తీసి, ఆరనిచ్చి, తడి వేలితో గట్టిగా రుద్ది చూస్తే చాలు. జెరాక్స్, లేజర్ యంత్రాల్లో వాడేది టోనర్, అంటే ప్లాస్టిక్ కలిసిన పొడి. వేడికి అది కరిగి కాగితానికి అంటుకుంటుంది కాబట్టి నీళ్ళకు చెదరదు. జూన్ నుంచి నవంబరు దాకా వానలూ ఉక్కా వదలని డెల్టాలో, బయట తిరిగే కాగితానికి నలుపు తెలుపు జెరాక్సే నా మొదటి ఎంపిక, రంగుల ఇంక్‌జెట్ ఇంట్లో దాచుకునేవాటికి.

రంగు కావాలనిపిస్తే సిరాలో కాకుండా కాగితంలో వెతకాలి. పసుపు, లేత ఆకుపచ్చ, లేత గులాబీ రంగు కాగితాల మీద నల్లటి జెరాక్స్ తీయిస్తే ఖర్చు కొద్దిగానే పెరుగుతుంది, చూపు మాత్రం బాగా ఆగుతుంది. వీటిలో పసుపు మీద నలుపు దూరానికి కూడా స్పష్టంగా కనిపిస్తుంది. ముదురు గులాబీ, ముదురు నీలం కాగితాల మీద క్యూఆర్ కోడ్‌ను ఫోను పట్టలేకపోవచ్చు.

ఆఫ్‌సెట్ ప్రెస్సు లెక్క వేరు. ప్లేటు చేయడానికి అయ్యే ఖర్చు వంద కాగితాలకైనా వెయ్యి కాగితాలకైనా ఒకటే కనుక, కరపత్రాల ధర సాధారణంగా వెయ్యి చొప్పునే చెబుతారు. వెయ్యికి పైగా చీటీలు అవసరమై, అవి తేదీ లేని చీటీలైతే ప్రెస్సుకు వెళ్ళాలి. మూడు నాలుగు వందలే కావాలంటే జెరాక్స్ షాపును మించింది లేదు. ప్రెస్సుకు వెళ్ళేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మన డీటీపీ కేంద్రాల్లో ఇప్పటికీ ‘అను’ అనే పాతతరం ఫాంట్ల వాడకం ఎక్కువ, మీరు ఫోనులో టైపు చేసి పంపే యూనికోడ్ తెలుగు అక్కడి పాత సాఫ్ట్‌వేర్లో అతుకుబొతుకుగా విడిపోవచ్చు. అందువల్ల పని మొత్తం ఇంట్లోనే పూర్తి చేసి, ఫాంట్లు ఇమిడ్చిన పీడీఎఫ్‌గా గానీ, అంగుళానికి 300 చుక్కల బొమ్మగా గానీ ఇవ్వాలి. శీర్షికకు రామభద్ర, మిగతా మాటలకు మండలి వంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లు బాగుంటాయి.

తెలుగు అక్షరాలకు జెరాక్స్ యంత్రం పెట్టే పరీక్ష ఒకటుంది. ఒత్తులూ గుడులూ చిన్న సైజులో పూడుకుపోయి నల్లటి మచ్చలైపోతాయి. ‘స్త్ర’, ‘క్ష్మ’ వంటి చోట్ల ఇది ముందు బయటపడుతుంది. పదకొండు పాయింట్ల కన్నా చిన్న అక్షరం వాడకపోవడం క్షేమం. ఫొటోలదీ ఇదే తీరు. సాయంత్రపు వెలుగులో గోదావరి గట్టు మీద తీసిన ఫొటో తెర మీద ఎంత బాగున్నా, జెరాక్సులో ముఖాలు నల్లబడిపోతాయి. ఎండ వెలుగులో, తెల్లటి గోడ ముందు తీసిన ఫొటోకు నలుపు తెలుపుల తేడా బాగా పెంచి వాడాలి, లేదా గీతల బొమ్మ వేయించుకోవాలి. యంత్రం కాగితం అంచుల దాకా అచ్చు వేయలేదు కనుక నాలుగు పక్కలా అయిదు మిల్లీమీటర్లు ఖాళీగా వదలడం కూడా మరవకూడదు.

కాగితం 70 నుంచి 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాముల బరువు) మధ్య ఉంటే చీటీకి చాలు. అచ్చు కాగితం, కాపియర్ కాగితం తయారు చేసే పెద్ద మిల్లు రాజమహేంద్రవరంలోనే ఉంది, డెల్టా పట్టణాల్లో మంచి కాగితానికి కొరత లేదు. వానాకాలంలో రీము విప్పి వదిలేస్తే కాగితం తేమ పీల్చి వంకర తిరిగి యంత్రంలో ఇరుక్కుంటుంది, మిగిలినదాన్ని మళ్ళీ కవరులో చుట్టి ఉంచాలి.

గోడ మీది పోస్టరు

పోస్టరు పని చీటీ పనికి పూర్తిగా భిన్నమైనది. చీటీ ప్రేక్షకుడిని పిలుస్తుంది, పోస్టరు ఆ పిలుపును గుర్తు చేస్తుంది. అందుకే పోస్టరు ఒక్కదాని మీదే డబ్బంతా పెట్టడాన్ని నేను ఒప్పుకోను. ముందు చీటీలు పంచి, ఆ దారిలోనే పోస్టర్లు కనిపించేలా పెట్టినప్పుడే రెండింటికీ విలువ.

పదీ పదిహేను పోస్టర్లు చాలనుకుంటే ఏ4కు రెట్టింపు ఉండే ఏ3 కాగితం మీద జెరాక్స్ తేలిక మార్గం. దానికి ఏ ఏర్పాటూ అక్కర్లేదు, ఉదయం అనుకుంటే మధ్యాహ్నానికి చేతిలో ఉంటుంది. యాభైకి పైగా కావాలంటే, లేదా కొన్నవాళ్ళు గదిలో అంటించుకునేంత అందం కావాలంటే, స్క్రీన్ ప్రింటింగ్ మేలు. ఇందులో ఖర్చంతా స్క్రీన్ తయారీలోనే ఉంటుంది, తర్వాత ప్రతి పోస్టరుకూ అయ్యేది కాగితం, సిరా ఖర్చులే. ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ కావాలి కాబట్టి ఒకే రంగుతో, కావాలంటే రంగు కాగితం మీద తీయడం తెలివైన పని.

స్క్రీన్ ప్రింటింగ్ ఇంట్లో నేర్చుకోవాలనుకునేవారికి పద్ధతి ఇది. చెక్క చట్రానికి పాలిస్టర్ జాలీని బిగించి, దానికి ఎమల్షన్ పూసి చీకట్లో ఆరబెడతారు. ట్రేసింగ్ కాగితం మీద చిక్కటి నలుపుతో తీసిన బొమ్మను దానిమీద పరిచి వెలుగు చూపిస్తారు. వెలుగు తగిలిన చోట ఎమల్షన్ గట్టిపడుతుంది, నలుపు అడ్డుపడిన చోట నీళ్ళతో కడిగితే పోతుంది. ఆ ఖాళీల్లోంచి స్క్వీజీ అనే రబ్బరు పలకతో సిరాను కాగితం మీదికి లాగుతారు. ఎమల్షన్ బాగా ఆరకముందే వెలుగు చూపిస్తే కడిగేటప్పుడు బొమ్మ మొత్తం ఊడిపోతుంది, గాలిలో తేమ ఎక్కువగా ఉండే మన వానాకాలంలో ఈ ఇబ్బంది మరీ ఎక్కువ. కొన్ని ఎమల్షన్లలో కలిపే డైక్రోమేట్ విషపదార్థం. చేతికి తొడుగులు లేకుండా దాన్ని ముట్టుకోకూడదు, కడిగిన నీళ్ళను కాలువలో పారబోయకూడదు. ఇంత తతంగం వద్దనుకుంటే శుభలేఖలు అచ్చు వేసే స్క్రీన్ ప్రింటర్ల దగ్గరికి వెళ్ళాలి. ముహూర్తాలు లేని ఆషాఢంలోనూ మూఢాల్లోనూ వాళ్ళకు పని తక్కువగా ఉంటుంది, బేరానికీ ఓపికకూ అవకాశం ఉంటుంది. బ్యాండు పేరుతో తేదీ లేని పోస్టర్లు ఆ రోజుల్లోనే తీయించి దాచుకోవడం నేను చెప్పే సలహా.

అట్ట మీద అక్షరాలు కోసి రంగు కొట్టే స్టెన్సిల్ పద్ధతి అన్నిటికంటే చవక, కానీ తెలుగుకు కష్టం. సున్నను కోసినప్పుడు లోపలి గుండ్రటి ముక్క ఊడి కింద పడుతుంది. ‘ర’, ‘ఠ’, ‘థ’ అక్షరాల కడుపులకూ అదే గతి. అలాంటి ప్రతిచోటా సన్నటి వంతెన వదిలి కోయాలి. చిన్న పేరున్న బ్యాండుకైతే ప్రయత్నించవచ్చు, పొడుగు పేరుకు మాత్రం వద్దు.

పోస్టరు మీద అక్షరం సైజును దూరాన్ని బట్టి లెక్క వేయాలి. పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం అన్నది బోర్డులు రాసేవారి మోటు లెక్క. ఒత్తులతో కూడిన తెలుగుకు దాన్ని ఇంకా పెంచుకోవాలి. రోడ్డు అవతలి నుంచి కనిపించవలసినవి బ్యాండు పేరు, తేదీ మాత్రమే, మిగతావి దగ్గరికొచ్చినవారు చదువుకుంటారు.

అంటించే చోటు విషయంలో నిక్కచ్చిగా ఉండాలి. బహిరంగ ప్రదేశాల గోడలను పాడుచేయడాన్ని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్‌లో 1997 నుంచే చట్టం ఉంది. ప్రభుత్వ గోడలు, బస్‌స్టాండు స్తంభాలు, గుడి ప్రాకారాల జోలికి పోవద్దు. యజమానిని అడిగి టీ కొట్టు లోపలి గోడ మీద, సంగీత వాద్యాల షాపులో, జిమ్‌లో, హాస్టల్ మెస్‌లో పెట్టిన పోస్టరు బయటి గోడ మీది పోస్టరు కంటే ఎక్కువ రోజులు ఉంటుంది, కూర్చున్నవారు చదువుతారు. రేవుల్లో టికెట్టు ఇచ్చే గది దగ్గర అనుమతి దొరికితే అంతకంటే మంచి చోటు లేదు. బయట అంటించవలసి వస్తే మైదా ఉడికించిన జిగురు చవకే. పురుగు పట్టకుండా అందులో మైలుతుత్తం కలిపే అలవాటు ఉంది, కానీ మేకలూ ఆవులూ పోస్టర్లు పీక్కుని తింటాయి కనుక దయచేసి అది కలపవద్దు.

మిగతావి

స్టిక్కరు ఎక్కువ కాలం ఉంటుంది కాబట్టి దానిమీద తేదీ వేయకూడదు, పేరూ క్యూఆర్ కోడ్ చాలు. వినైల్ స్టిక్కరు ఎండకూ వానకూ తట్టుకుని హెల్మెట్ల మీద, గిటారు పెట్టెల మీద నిలుస్తుంది. గమ్ షీటు కాగితం చవకైనా వానకు నానిపోతుంది. అయితే పాట ఇంకా విననివారు స్టిక్కరు అంటించుకోరు. ముందు కొన్ని ప్రదర్శనలు అయ్యాక, అడిగేవారు ఉన్నప్పుడే దాని జోలికి వెళ్ళాలి.

ఫ్లెక్సీ నాకు నచ్చదు. అది పీవీసీ అనే ప్లాస్టిక్, ప్రదర్శన అయ్యాక పంట కాలువలోకే చేరుతుంది. వంద మైక్రాన్ల కన్నా పలచని పీవీసీ బ్యానర్లను 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించారు కూడా. దానికి బదులు గాడా గుడ్డ మీద బ్యాండు పేరు పెయింటుతో రాయించుకుంటే ప్రతి వేదిక మీదా వెనక కట్టుకోవచ్చు, మడిచి సంచిలో పెట్టుకోవచ్చు. మొదట్లో ఖర్చు ఎక్కువైనట్టు అనిపించినా, ప్రదర్శనలు పెరిగే కొద్దీ గుడ్డే చవక అవుతుంది.

ఇంటికి పట్టుకెళ్ళేవారి కోసం నేను ఎక్కువ ఇష్టపడేది పాటల పొత్తం. ఒక ఏ4 కాగితాన్ని ఎనిమిది గడులుగా మడిచి, మధ్యలో ఒక్క కోత పెట్టి మళ్ళీ మడిస్తే, కుట్టూ పిన్నూ లేకుండా ఎనిమిది చిన్న పేజీల పుస్తకం అవుతుంది. ముందు పేజీలో పేరు, లోపల నాలుగైదు పాటల సాహిత్యం, వెనక కోడ్ పెడితే అచ్చు కాగితానికి ఒకపక్కే పడుతుంది, అంటే పొత్తం ఖర్చు ఒక జెరాక్స్ పేజీ ధరే. పది రూపాయలకు అమ్మినా కొంటారు. అన్నిటికంటే ముఖ్యంగా, తర్వాతి ప్రదర్శనలో ముందు వరుసవాళ్ళు గొంతు కలుపుతారు. అందులో సొంత పాటలే ఉండాలి. సినిమా పాటల సాహిత్యం అచ్చు వేసి అమ్మే హక్కు మీకు లేదు.

అయిదు వందల రూపాయలే ఉంటే చీటీలకు మూడు వందలు, పొత్తాలకు వంద, స్టాంపుకూ సిరాకూ మిగిలింది పెట్టండి, పోస్టరు మానేయండి. రెండు వేలు ఉంటే ఒకే రంగు స్క్రీన్ పోస్టరుకు వెయ్యి దాకా కేటాయించి, మిగతాది చీటీలకూ పొత్తాలకూ ఉంచండి. అంతకు మించి ఉంటే అప్పుడు గుడ్డ బ్యానరు, ఆ తర్వాతే స్టిక్కర్లు. ప్రదర్శనకు వారం ముందు చీటీలు పంచి, చివరి మూడు రోజుల్లో పోస్టర్లు పెడితే మాట మరుపున పడదు. సంక్రాంతి తీర్థాల రోజుల్లో, వినాయక చవితి పందిళ్ళ దగ్గర జనం ఎక్కువ ఉన్నా కాగితాలు ఇచ్చేవారూ ఎక్కువే ఉంటారు, ఆ రోజుల్లో చీటీ కంటే రెండు నిమిషాలు ఆగి పాడి వినిపించి తర్వాత చీటీ ఇవ్వడం ఫలిస్తుంది. ప్రదర్శన ముగిసిన మర్నాడు, అడిగి పెట్టిన ప్రతి చోటికీ వెళ్ళి పోస్టర్లు తీసేసి, టేపు మరక మిగిలితే తుడిచి రావాలి. అలా చేసిన బ్యాండుకు ఆ కొట్టువాళ్ళు వచ్చేసారి అడక్కుండానే గోడ చూపిస్తారు.